డెవన్ చర్చి రిజిస్టర్‌లో మా పెద్ద తాత

ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లలో మనవాళ్ళ పేరు దొరికినంత మాత్రాన సమాధి దొరికినట్టు కాదు, ఇది ముందే చెప్పేస్తా, ఎందుకంటే చాలామంది పేరు కనపడగానే అక్కడితో ఆగిపోతున్నారు. ఫలానా మనిషిని ఫలానా రోజు పూడ్చాం అని చెప్పడం వరకే ఆ రిజిస్టర్ పని, చర్చి ఆవరణలో ఏ మూల అనేది మామూలుగా అందులో ఉండదు. మా పెద్ద తాత విషయంలో ఆ మూల కూడా దాదాపు తెలిసింది. మొత్తం రాస్తున్నా, సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి వైపు మాలాంటి కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి.

మా అమ్మమ్మ వాళ్ళది లాలాగూడ, రైల్వే కుటుంబం. వాళ్ళ వంశంలో మొదటాయన పట్టాళంతో వచ్చిన తెల్ల సోల్జర్. ఇక్కడే ఒకావిడని చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు, తర్వాత రెజిమెంట్ తిరిగి పోతే ఆయనా పోయాడు, మళ్ళీ రాలేదు. వదిలేసి పోయిండు అనే మాట మా ఇంట్లో వింటూనే పెరిగాం కానీ నేను ఒప్పుకోను. ఇంగ్లండ్ రాజుగారి రెజిమెంట్లు వెనక్కి పోయేటప్పుడు సిపాయిలు ఇక్కడి భార్యల్ని వెంట తీసుకెళ్ళడానికి చాలాసార్లు ఒప్పుకునేవాళ్ళు కాదు, ఎంతమంది అలా విడిపోయారో లెక్కే లేదు. ప్రతి సమాధుల పండుగకి సున్నం వేసి పూలు పెట్టేటప్పుడు అమ్మమ్మ ఒకటే అంటది, "అందరివీ ఉన్నయి బిడ్డా, ఆయనదే ఏడుందో తెల్వది" అని.

మొదలు పెట్టాల్సింది ఇంగ్లండ్ నుంచి కాదు, ఇక్కడి నుంచే. మద్రాస్ ప్రెసిడెన్సీ కింద ఉన్న చాప్లిన్లు, అంటే సర్కారు పాదిరీలు, చేసిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు అన్నిటికీ కాపీ రాసి లండన్ పంపేవాళ్ళు, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌వి కూడా వాటిలోనే పోయాయి. ఆ కాపీలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే సిరీస్‌లో ఉన్నాయి, వాటి ఇండెక్స్ చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, ఫిబిస్ వాళ్ళ సైట్ కూడా చూడండి, బ్రిటిష్ ఇండియా కుటుంబాల కోసమే నడిపే సొసైటీ అది. అక్కడ 1827 పెళ్ళి ఎంట్రీ దొరికింది, అందులో రెజిమెంట్ నంబర్ ఉంది. ఆ నంబర్ లేకపోతే ఈ కథ అక్కడితో అయిపోయేది, ఎందుకంటే మా తాత పేరు, ఇంటిపేరు రెండూ ఇంగ్లండ్‌లో వీధికొకరికి ఉండేవే.

రెజిమెంట్ తెలిస్తే లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 అని పెన్షన్‌తో డిశ్చార్జ్ అయిన సిపాయిల కాగితాలు ఉంటాయి, అందులో పుట్టిన పారిష్, అంటే ఏ చర్చి కిందకి వచ్చే ఊరో, రాసి ఉంటుంది. మా పెద్ద తాతది ఇంగ్లండ్‌లో డెవన్ అనే కౌంటీలో ఒక చిన్న పల్లె. ఎత్తు, జుట్టు రంగు, కళ్ళ రంగు కూడా రాశారు, చేసే పని లేబరర్ అని. బూడిద రంగు కళ్ళు అని చదవగానే మా అమ్మకి ఫోన్ చేశాను, మా చిన్న మామయ్యవి అవే కళ్ళు.

అక్కడి నుంచి ఆ పల్లె ఖనన రిజిస్టర్ మొత్తం తిరగేస్తే ఏమీ లేదు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. పుట్టిన ఊళ్ళోనే పూడుస్తారని రూలేం లేదు కదా. 1841 సెన్సస్‌లో ఆయన అన్న ఇంట్లో ఉన్నాడు, ఆ సెన్సస్‌లో పెద్దవాళ్ళ వయసుని కింద ఉన్న ఐదు గుణిజానికి తగ్గించి రాశారు కాబట్టి వయసు తేడా వస్తే కంగారు పడకండి. 1851లో చూస్తే పక్కన ఉన్న సంత ఊళ్ళో యూనియన్ వర్క్‌హౌస్‌లో తేలాడు. 1834 చట్టం తర్వాత కొన్ని పారిష్‌లు కలిపి ఒక యూనియన్‌గా చేసి, దిక్కులేనివాళ్ళకి ఒక వర్క్‌హౌస్ పెట్టేవాళ్ళు. పెన్షన్ రోజుకి కొన్ని పెన్నీలే, చూసేవాళ్ళు లేరు, ఎనిమిది వేల కిలోమీటర్ల దూరంలో భార్యాపిల్లలు. ఆ సెన్సస్‌లో ఆయన పేరు ఎదురుగా 'మ్యారీడ్' అని ఉంది. విడోయర్ అని కాదు, సింగిల్ అని కాదు. నాకు ఇంకే రుజువూ అక్కర్లేదు.

కాబట్టి చూడాల్సింది వర్క్‌హౌస్ ఉన్న ఊరి రిజిస్టర్. డెవన్ రిజిస్టర్లు ఎక్కువ భాగం ఎక్సెటర్‌లో కౌంటీ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. 1813 నుంచి అచ్చు వేసిన ఫారాలు వచ్చాయి, పేజీకి ఎనిమిది ఎంట్రీలు, ఒక్కోదానికి పేరు, నివాసం, పూడ్చిన తేదీ, వయసు, ప్రార్థన చేసిన అయ్యగారి సంతకం, అంతే. ఫిబ్రవరి 1852 పేజీలో పైనుంచి ఐదో గడిలో మా పెద్ద తాత ఉన్నాడు. వయసు 58, నివాసం గడిలో 'యూనియన్' అన్న ఒక్క మాట. దాని పైన మూడు వారాల బిడ్డ, కింద ఎనభై దాటిన ముసలామె, వాళ్ళిద్దరికీ అదే మాట. కలం సిరా అయిపోయి మళ్ళీ ముంచినట్టుంది, ఆయన పేరు సగం లేతగా, సగం ముదురుగా ఉంది.

వర్క్‌హౌస్ వాళ్ళకి రాయి పెట్టేవాళ్ళు ఎవరు? రాయి ఉండదు. విల్ కోసం కూడా వెతకలేదు, ఆయనకి రాసే ఆస్తి లేదు, పైగా ఎక్సెటర్ ప్రోబేట్ ఆఫీసులో ఉన్న పాత విల్స్ 1942లో జర్మన్ బాంబు దాడిలో కాలిపోయాయి. మరి చోటు ఎలా తెలిసిందంటే, చర్చి ఆవరణ నిండిపోయి కొత్త నేల కలిపితే ఆ నేలని బిషప్ ప్రతిష్ఠ చేయాలి, ఆ కాగితంతో ఒక ప్లాన్ కూడా ఉంటుంది, అది డయోసిస్, అంటే ఆ బిషప్ కింద ఉండే ప్రాంతం, రికార్డుల్లో దొరుకుతుంది. ఈ ఊళ్ళో 1840ల్లో ఉత్తరం వైపు ఒక పట్టీ కలిపారు. ఆ తర్వాత యూనియన్ నుంచి వచ్చినవాళ్ళని అక్కడే పెట్టారని వెస్ట్రీ మినిట్స్‌లో, అంటే ఆ పారిష్ సభ తీర్మానాల పుస్తకంలో, ఉంది. ఆ ఊరి చర్చిలో పాత రికార్డులు చూసుకునే ఒక పెద్దావిడకి మెయిల్ రాస్తే ప్లాన్ చేతబట్టుకుని పోయి ఆ పట్టీ మొత్తం ఫోటోలు తీసి పంపింది. గోడ పక్కన పచ్చిక, ఒక యూ చెట్టు, ఎక్కడా ఒక్క రాయి లేదు. ఆ పట్టీలో ఎక్కడో ఉన్నాడు.

ఇక్కడ ఒక మాట. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న కర్క్‌పాట్రిక్, ఆయన పెళ్ళి చేసుకున్న హైదరాబాదీ ఖైరున్నిసా, వీళ్ళ పిల్లలిద్దరి బాప్తిస్మం 1806 మార్చ్‌లో లండన్ మెరిలెబోన్ చర్చిలో జరిగింది, ఆ సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంది, కోఠి రెసిడెన్సీ చూడటానికి వెళ్ళినవాళ్ళకి ఆ కథ ఎవరో ఒకరు చెప్తారు. మంచిదే. కానీ లేబరర్ అని రాయించుకుని వచ్చిన సిపాయిలు ఎంతమందో ఇదే ఊళ్ళో కుటుంబాలు పెట్టారు, వాళ్ళ గురించి వాళ్ళ ఇంటివాళ్ళు వెతక్కపోతే ఎవరూ వెతకరు.

ఇంకా మిగిలింది ఆవిడ, మా పెద్ద తాత భార్య. పెళ్ళి ఎంట్రీలో ఆవిడకి బాప్తిస్మం పేరు ఒక్కటే ఉంది, ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు. ఆయనకి కళ్ళ రంగుతో సహా కాగితం ఉంది, ఇక్కడే పుట్టి ఇక్కడే పోయి పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషికి మాత్రం ఒక్క మాట. లండన్ కాపీల్లో ఆవిడ ఖననం లేదు, కాబట్టి ఇక్కడి సంఘాల పాత పుస్తకాల్లోనే చూడాలి. ఒక చర్చిలో అయ్యగారిని అడిగాను, చూపిస్తాను కానీ వానలు తగ్గనివ్వమ్మా, చెమ్మకి పేజీలు అతుక్కుపోతాయి, ఇప్పుడు తెరిస్తే చిరుగుతాయి అన్నారు. దసరా అయ్యాక వెళ్తున్నా.