చవుడు మట్టితో గాడ్జిల్లా యుద్ధం

గాడ్జిల్లా అనే రాక్షస బల్లి, కాంగ్ అనే రాక్షస గొరిల్లా కొట్టుకునే సినిమా తెలుగులో దిగిన ప్రతిసారీ మన సీమ ఊళ్లలో రీల్స్ తీసే పిల్లలకు ఊపొస్తుంది. రెండు రబ్బరు బొమ్మలు, నాలుగు అట్టపెట్టెలు, ఒక ఫోను. తీరా తీసి చూసుకుంటే బొమ్మలు బొమ్మల్లాగే ఉంటాయి. డబ్బు లేక అలా అయిందనుకుంటారు గానీ, ఈ పనిలో డబ్బుతో తీరేది కొంచెమే. తేడా వచ్చేది లెక్కలో: పెద్ద వస్తువు పడటానికి ఎంతసేపు పడుతుంది, చూసే మనిషి కన్ను ఎంత ఎత్తులో ఉంటుంది, లేచే దుమ్ము ఎంత సన్నగా ఉండాలి.

ముందు కాలం సంగతి. 100 మీటర్ల ఎత్తు నుంచి రాయి జారితే నేల తాకడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. ఒక్క మీటరు నుంచి జారితే అర సెకను కూడా పట్టదు. ఈ లెక్క ఎవరూ నేర్పకపోయినా మన కంటికి తెలుసు. గోడ టక్కున కూలిందంటే అది చిన్న గోడేనని చూసీ చూడగానే పట్టేస్తుంది. అందుకే నమూనాను, అంటే పెద్దదానికి బదులు చేసుకున్న చిన్న నకలును, సెకనుకు ఎక్కువ ఫ్రేముల్లో (వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రం ఒక ఫ్రేము) తీసి నెమ్మదిగా చూపించాలి. ఎంత నెమ్మదిగా అంటే, నమూనా అసలు కంటే ఎన్ని రెట్లు చిన్నదో ఆ అంకెకు వర్గమూలం. 25 రెట్లు చిన్నదైతే 5 రెట్లు నెమ్మది, అంటే సెకనుకు 24 బదులు 120 ఫ్రేములు. 100 రెట్లు చిన్నదైతే 10 రెట్లు, అంటే 240. ఫోన్లలో స్లోమోషన్‌కు ఇచ్చే అంకెలు దాదాపు ఇవే కావడం మన అదృష్టం.

1954లో జపాన్‌లో తోహో సంస్థ తీసిన మొదటి గాడ్జిల్లాలో వాడింది ఈ 25 రెట్ల కొలతే, కింద మన లెక్కలన్నీ దాని మీదే. ఇషిరో హోండా దర్శకుడు, ఎయిజి సుబురాయా ట్రిక్ షాట్ల పెద్ద. కథలో గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. రాక్షసి సూటు తొడుక్కున్న మనిషి సుమారు 2 మీటర్లు, టోక్యో వీధులు 25వ వంతు. ఒక్క పార్లమెంటు భవనాన్ని మాత్రం 33వ వంతుకు కుదించారు, గాడ్జిల్లా దాని ముందు పొట్టిగా కనపడకూడదని. కర్నూలు కొండారెడ్డి బురుజును నమూనాగా చేసుకునేవాళ్లకు కూడా ఈ దొంగలెక్క పనికొస్తుంది. అందరూ గుర్తుపట్టే కట్టడం పిసరంత చిన్నదైనా ఎవరూ టేపు పట్టుకుని రారు.

ఫోన్ సెట్టింగుల్లో రెండు మూడు చోట్ల బోల్తా పడతారు. స్లోమోషన్ మోడ్‌లో చాలా ఫోన్లు మొదటా చివరా మామూలు వేగం ఉంచి మధ్యలో మాత్రమే నెమ్మది చేస్తాయి. ఎడిటింగ్‌లో ఆ మార్పు తీసేసి మొత్తం ఒకే వేగానికి తెచ్చుకోండి. 960 ఫ్రేములని ఊరించే మోడ్ జోలికి పోవద్దు. చాలా ఫోన్లలో అందులో సగమో, ఇంకా ఎక్కువో ఫ్రేములు ఫోను తనే కల్పించి ఇరికిస్తుంది, పెళ్లల అంచులు పాకం పట్టినట్టు సాగుతాయి. తెరమీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేయండి. లేకపోతే దుమ్ము లేచిన క్షణంలో ఫోను దుమ్మును ఫోకస్ చేసి రాక్షసిని వదిలేస్తుంది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద అసలు వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, 120 ఫ్రేముల్లో అది తెరంతా చారలు కడుతుంది. ఎండలో తీస్తే ఏ పేచీ లేదు.

ఎక్కడ తీయాలి? మిద్దె మీదయితే పిట్టగోడ అడ్డం, దాని వెనక పక్కింటి ట్యాంకు. నా ఓటు కార్తీకం దాటాక వేరుశనగ పీకేసిన చేనుకు. నేల చదును, వెనక దూరంగా గుట్టలు, పైన ఆకాశం. పొద్దున 7 నుంచి 9 మధ్య గాలి పడిపోయి ఉంటుంది, ఎండ ఏటవాలుగా పడుతుంది. అదే ఆషాఢంలో అనంతపురం వైపు చేసి చూడండి, దుమ్ము లేవకముందే పక్క చేనులో ఉంటుంది. గడ్డి మాత్రం పూర్తిగా చెక్కేయాలి. 5 సెంటీమీటర్ల గడ్డిపోచ ఈ కొలతలో మనిషి ఛాతీ ఎత్తు పొద. చీమల్నీ చూసుకోండి. ఒక్క గండుచీమ పాకితే సినిమా మొత్తం దానిదే.

కెమెరా ఎత్తు దగ్గర ఎక్కువమంది తప్పుతారు. నిలబడి కిందికి చూస్తూ తీస్తే అది 40 మీటర్ల ఎత్తు నుంచి చూసినట్టు. వీధిలో నిలబడ్డ మనిషి కన్ను ఒకటిన్నర మీటరు పైచిలుకు ఎత్తులో ఉంటుంది. 25వ వంతు చేస్తే 6 సెంటీమీటర్లు, అంటే దాదాపు నాలుగు వేళ్ల వెడల్పు. ఫోను మామూలుగా పెడితే లెన్స్ అంత కిందికి రాదు. తలకిందులు చేసి లెన్స్ నేలవైపు వచ్చేలా పెట్టి, వీడియోను తర్వాత తిప్పుకోండి. గరెత్ ఎడ్వర్డ్స్ 2014లో తీసిన గాడ్జిల్లాలో కెమెరా చాలాసార్లు మనుషుల దగ్గరే ఉండిపోతుంది, కిటికీలోంచి, వీధిలోంచి, మూసుకుపోతున్న తలుపు సందులోంచి చూస్తుంది. అందుకే ఆ జీవి బరువు మీద పడ్డట్టుంటుంది. 2021 గాడ్జిల్లా వర్సెస్ కాంగ్‌లో కెమెరా వాటి భుజాల ఎత్తుకెళ్లి చుట్టూ తిరుగుతుంది. ఈలలు వేయడానికి అదే బాగుంటుంది, కాదనను. కానీ కుస్తీ గోదాలో ఇద్దరు మనుషులను చూస్తున్నట్టు ఉంటుంది, పరిమాణం చేజారుతుంది.

ఇక ఇళ్లు. అట్ట పగలదు, నలుగుతుంది. థర్మకోల్ విరుగుతుంది కానీ ముక్క కింద పడి ఎగురుతుంది. కావలసింది బలహీనమైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మామూలుగా కిలో పొడికి 600 నుంచి 700 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తారు. మనకు అది గట్టిపడకూడదు కాబట్టి కిలోకు లీటరు పోయండి. నీళ్లలో పొడి చల్లాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. ఒక నిమిషం నాననిచ్చి, బుడగలు రాకుండా నెమ్మదిగా కలపాలి. పాత బస్తా అయితే ముందు చెంచాడు కలిపి చూసుకోండి. చెమ్మ పట్టిన పొడి ఎంతసేపున్నా బిగుసుకోదు.

పోత పోయడానికి బేతంచెర్ల పాలిష్ బండను మించింది లేదు. బండ మీద సబ్బునీళ్లు పలచగా రుద్ది, చుట్టూ 4 మిల్లీమీటర్ల మందం చెక్కపట్టీలు పెట్టి, పోసి, స్కేలుతో లాగేయడమే. బిగుసుకోవడం మొదలయ్యాక, ఇంకా మెత్తగా ఉన్నప్పుడే బ్లేడుతో కిటికీలు కోయాలి, ఆలస్యమైతే గోడ పగులుతుంది. కొలతలు ఇవి: ఒక్కో అంతస్తు 12 సెంటీమీటర్లు, తలుపు ఎనిమిదిన్నర, కిటికీ 5. వెనకవైపు మేకుతో అడ్డదిడ్డంగా గీతలు గీయండి, పగులు ఆ గీతల వెంబడి పోతుంది. ఎండలో రెండు రోజులు ఆరాలి. తడి ఉన్న గోడ పెళ్లలుగా ఊడుతుంది తప్ప పొడి కాదు. మూలలు ప్లాస్టర్ ముద్దతోనే అతకండి. గమ్ముతో అతికితే ఇల్లంతా బాగానే ఉండి, గోడ మాత్రం ఒకే పలకగా వెనక్కి వాలి పడుతుంది. మొదటిసారి చేసేవాళ్ల ఇళ్లు ఇలాగే పోతాయి.

డాబా కప్పుతో రెండంతస్తుల ఇంటికి, గోడలు 30 సెంటీమీటర్లయితే, సుమారు ఒకటిన్నర కిలో పొడి పడుతుంది. లోపల ఖాళీగా వదలొద్దు. పగిలిన ఇంట్లోంచి ఏమీ రాకపోతే అది డబ్బా. మధ్య గోడలు, అగ్గిపుల్లల మంచాలు, కప్పులోంచి పైకి తేలే కమ్మీలకు బైండింగ్ వైరు ముక్కలు వేయండి. ఒక మిల్లీమీటరు తీగ ఈ కొలతలో 25 మిల్లీమీటర్ల కమ్మీ. అయితే తీగను రెండు గోడలకూ కలిపి బిగిస్తే అసలు కూలదు. చెట్లకు సర్కారుతుమ్మ కొమ్మలు చాలు, దాని ఆకు ఎంత చిన్నదో చూడండి. ఎండకు తొందరగా వాడిపోతాయి కాబట్టి చివర్లో గుచ్చండి. కరెంటు టవరు కావాలంటే కొవ్వొత్తి మైనంతో పుల్లలు చేసి అతకండి. 1954లో రాక్షసి ఊపిరికి కరిగిన టవర్లు మైనంవే. మనకు హెయిర్ డ్రయ్యర్ కెమెరాకు కనపడకుండా పక్క నుంచి ఆ పని చేసిపెడుతుంది.

దుమ్ము ఎంపిక మీద నాకు కాస్త మొండిపట్టు ఉంది. చాలామంది ఇసుక చల్లుతారు. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఇక్కడ 25 మిల్లీమీటర్ల కంకర, అది దుమ్ములా తేలదు, వడగళ్లలా పడుతుంది. మిద్దె కప్పుల మీద పరిచే చవుడు మట్టిని ఎండబెట్టి, దంచి, పలచటి పంచెలో పోసి దులపండి. గుడ్డలోంచి రాలిన పొడే పనికొస్తుంది. ఇంటికి రెండు గుప్పిళ్లు చొప్పున కప్పు మీదా, ప్రతి అంతస్తులోనూ పరవాలి. గోడ పడ్డప్పుడు గాలి ఒత్తిడికి కిటికీల్లోంచి చిమ్ముకొస్తుంది, ఆ ఒక్కటే సగం నమ్మకం. రంగు ఊరిని బట్టి: నంద్యాల వైపు నల్లరేగడి కథ అయితే కాస్త నల్లమట్టి, అనంతపురమైతే ఎర్రమట్టి కలపండి. సిమెంటు మాత్రం వాడొద్దు, కంట్లో పడితే కాలుస్తుంది. ఏ పొడి వాడినా అందరి ముక్కుకూ మాస్కు ఉండాల్సిందే.

నీళ్లు, మంటల జోలికి వెళ్లకండి. చుక్క పరిమాణాన్ని మనం కుదించలేం. చెంబు నీళ్లు చిమ్మితే ఒక్కో చుక్క బకెట్టంత కనపడుతుంది. మంట నాలుక కూడా అంతే. 2024లో ట్రిక్ షాట్లకు ఆస్కార్ తెచ్చుకున్న గాడ్జిల్లా మైనస్ వన్‌లో సముద్రం కంప్యూటర్‌లో పుట్టింది. 35 మంది కలిసి 610 షాట్లు చేశారు, వాళ్లకు కూడా నీళ్లే పెద్ద పరీక్ష.

దృశ్యంలో తానంతట తాను కదిలేది ఏదున్నా దాన్ని వేగం పెంచి తిప్పాలి. సీమలో గాలిమర లేకుండా ఊరి బయట దృశ్యం ఏముంటుంది? పెద్ద గాలిమర నిమిషానికి 12 నుంచి 15 చుట్లు తిరుగుతుందనుకుంటే, 5 రెట్ల నెమ్మదికి నమూనా 60 నుంచి 75 తిరగాలి. నిమిషానికి 60 చుట్లు తిరిగే (60 ఆర్‌పీఎం) గేర్ మోటారు ఒకటి, 12 వోల్టుల బ్యాటరీ ఒకటి చాలు. ఇప్పటి గాలిమరల స్తంభం 80 మీటర్లు దాటుతుంది, అంటే నమూనాలో 3 మీటర్ల పైన. అంత చేయలేకపోతే సగం కొలతలో చేసి వెనక దూరంగా పాతండి. 50 మీటర్ల రాక్షసి దాని ఇరుసు దాకా కూడా రాదన్నది గుర్తుంటే చాలు.

సూటుకు పరుపుల షాపులో దొరికే అంగుళం ఫోమ్, పైన రబ్బరు పాలు రెండు పూతలు. మెరుపు ఉంటే రెయిన్‌కోటు వేసుకున్న మనిషి అవుతాడు, కాబట్టి ఆఖరి పూత తడిగా ఉండగానే చవుడు చల్లి దులిపేయండి. చూసే కంతలు రాక్షసి మెడలో పెట్టాలి, దాని తల ఆ పైన ఉండాలి. తోకను గాలపు దారంతో కర్రకు కట్టి ఇంకొకరు పట్టుకోవాలి. వదిలేస్తే షాటు మొదలుకాకముందే అది నాలుగిళ్లు ఊడ్చేస్తుంది. 1954 సూటు సుమారు 100 కిలోలు, అందులో నడిచిన హరువో నకజిమా జూలో ఏనుగుల్ని, ఎలుగుబంట్లను చూసి నడక పట్టాడు. మనవాడికి అంత బరువు ఉండదు గానీ ఉడుకు మాత్రం ఉంటుంది. ఐదు నిమిషాలకోసారి సూటు తల తీసేయాలి, వేసవిలో ఈ పని పెట్టుకోకూడదు.

కొట్లాటలో పిడిగుద్దులు వద్దు. భుజంతో నెట్టడం, మెడ పట్టి వంచడం, దెబ్బ తగిలాక అర సెకను ఆగి రెండడుగులు వెనక్కి తూలడం. నడకకు 120 ఫ్రేములు లెక్క ప్రకారం సరైనవే అయినా తెరమీద విసుగొస్తుంది, 60 చాలు. పగలడం, కూలడం మాత్రం 120లోనే. ఒకే షాటులో రెండూ కలపొద్దు. ఇల్లు ఒకసారే పగులుతుంది కాబట్టి రెండో ఫోను కూడా నేలమీద పెట్టి రికార్డు చేస్తుండాలి.

సూటు, ఇళ్లు ఏవీ లేకుండా ఒక దారి ఉంది: గండికోట. పెన్నా కోసిన లోయ అంచున 30 సెంటీమీటర్ల బొమ్మను లెన్స్‌కు 60 సెంటీమీటర్ల దూరంలో పెడితే, 200 మీటర్ల అవతలున్న రాతిగోడ పక్కన అది 100 మీటర్ల జీవి. ఎండ రెంటి మీదా ఒకటే కాబట్టి నీడలు వాటంతట అవే కలుస్తాయి. దగ్గరిదీ దూరానిదీ రెండూ స్పష్టంగా రావాలంటే అల్ట్రావైడ్ లెన్స్ (ఫోన్లో అన్నిటికంటే వెడల్పుగా చూపేది) వాడాలి, మామూలు లెన్స్‌లో ఒకటి మసకబారుతుంది. పాదాలు ముందున్న రాయి వెనక దాచండి. బొమ్మ రంగును మీరనుకున్న దానికంటే లేతగా, కొంచెం నీలి బూడిదగా ఉంచండి. దూరపు కొండ మంచు పట్టి వెలిసిపోయి ఉంటే దాని పక్కన నిలబడ్డ జీవి మాత్రం నిగనిగలాడితే గుట్టు రట్టవుతుంది. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు, ఒక మనిషి కెమెరా చూడకుండా మిమ్మల్నే చూస్తూ ఉండాలి. కోట రక్షిత కట్టడం, అక్కడ ప్లాస్టర్ పగలగొట్టే పని పెట్టుకోవద్దు.

చివరగా చప్పుడు. మొదటి గాడ్జిల్లా అరుపును సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే పుట్టించాడు. పెద్ద బాస్ వాయిద్యం తీగలను జిగురు పూసిన తోలు చేతొడుగుతో రుద్దించి, ఆ రికార్డును నెమ్మది చేశాడు. ఖాళీ నూనె డబ్బా అడుగున రంధ్రం చేసి నైలాన్ తాడు ముడివేసి, గుగ్గిలం రాసిన గుడ్డతో లాగి చూడండి. ఎల్లమ్మ కథలు చెప్పేవాళ్ల జమిడిక కూడా తీగ ఊపును తోలుకు అందించేదే. రికార్డు చేసి మూడో వంతు వేగానికి దించితే డబ్బా వాసన పోతుంది. అడుగుల చప్పుడుకు ఇసుక మూటను మట్టినేల మీద పడేసి సగం వేగానికి దించండి. చప్పుడు సెకనుకు 340 మీటర్లే పోతుంది కాబట్టి, రాక్షసి అర కిలోమీటరు దూరంలో ఉంటే పాదం నేల తాకిన ఒకటిన్నర సెకను తర్వాత వినపడాలి. పెద్ద సినిమాలు కూడా దీన్ని పట్టించుకోవు, పట్టించుకున్న చోట వెన్ను జలదరిస్తుంది. 40 హెర్ట్జ్ గుమ్మనే శబ్దం కలిపితే థియేటర్ సబ్‌వూఫర్లో (లోతు శబ్దాల పెద్ద స్పీకర్లో) కుర్చీ ఊగుతుంది గానీ ఫోన్ స్పీకర్లో ఏమీ వినపడదు, దాని పైన 200 హెర్ట్జ్ దగ్గర ఇంకో పొర వేయండి. మిక్స్ చేసేటప్పుడు ఇయర్‌ఫోన్లో ఒకసారి, ఉత్త ఫోన్లో ఒకసారి వినండి. రీల్ చూసేవాళ్లలో ఎక్కువమంది వినేది రెండోదే.