మే నెలలో పుట్టిన పిల్లలు

బెంగళూరులో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా, అంటే చదువులో వెనకబడే పిల్లలకి విడిగా నేర్పే టీచర్‌గా పనిచేస్తున్నాను. మాది అనంతపురం. పిల్లలతో తెలుగులో మాట్లాడి చూసే మనిషి ఉందని ఆ నోటా ఈ నోటా విని, మారతహళ్లి, సర్జాపూర్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లు వస్తుంటారు. ఎక్కువమంది ఐటీ ఉద్యోగాల కోసం ఊళ్లు వదిలినవాళ్లే. చేతిలో స్కూలు వాళ్లు రాసిచ్చిన కాగితం ఉంటుంది. ‘కుదురుగా కూర్చోడు, చెప్పింది వినడు, అక్షరాలు తిరగేసి రాస్తాడు, అసెస్‌మెంట్ చేయించండి’ అని. అంటే, ఏదైనా లోపం ఉందేమో పరీక్ష చేయించమని. తల్లి ముఖం చూస్తే రాత్రంతా ఫోన్‌లో ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రత, కుదురు లేని సమస్య గురించి చదువుతూ కూర్చుందని తెలిసిపోతుంది.

ఆ కాగితం పక్కన పెట్టి ముందు రెండు సంగతులు అడుగుతాను. బిడ్డ ఏ నెలలో పుట్టాడు? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?

నెల ఎందుకంటే, కర్ణాటకలో బడిలో చేర్చుకునేటప్పుడు జూన్ 1 నాటికి ఎన్నేళ్లు నిండాయో చూస్తారు. మే చివర్లో పుట్టినవాడూ, అంతకు ముందు ఏడాది జూన్‌లో పుట్టినవాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఐదారేళ్ల వయసులో ఏడాది తేడా అంటే మాటలా? 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో బడి వయసుకి సెప్టెంబరు 1 గడువుగా ఉన్న రాష్ట్రాల్లో, సెప్టెంబరులో పుట్టిన పిల్లల కంటే ఆగస్టులో పుట్టినవాళ్లకి ఏడీహెచ్‌డీ అని తేల్చడం 34 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ గడువు లేని రాష్ట్రాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో గడువు డిసెంబరు 31. అక్కడ డిసెంబరు పిల్లలకి ఇదే జరుగుతోందని 2012లోనే బయటపడింది. జబ్బుకి బడి గడువులు తెలియవు కదా. క్లాసులో అందరికంటే చిన్నవాడు చిన్నవాడిలా ఉంటే దానికి రోగం పేరు పెడుతున్నామన్నమాట.

భాష సంగతి మన వలస కుటుంబాలకి ఇంకా దగ్గరిది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక యూకేజీ బాబు ఉన్నాడు. ఇంట్లో అమ్మమ్మతో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, ఆటస్థలంలో హిందీ, వ్యాన్‌లో ఆయమ్మతో కన్నడ. వేరే చోట ఒక్క పూటలో అసెస్‌మెంట్ చేసి ‘ఏకాగ్రత లోపం, డిస్లెక్సియా అనుమానం’ అని రిపోర్టు ఇచ్చారు. డిస్లెక్సియా అంటే చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది. నేను అక్షరాల శబ్దాలు నేర్పే ఫోనిక్స్ కార్డులు బయటికి తీయగానే కుర్చీ కింద దూరాడు. కార్డులు లోపల పెట్టేసి, తాతయ్యగారి పొలంలో మోటారు ఎలా వేస్తారు నాన్నా అని అడిగాను. కింద నుంచే మొదలుపెట్టాడు. ‘ముందు డబ్బా తలుపు తియ్యాలి. పచ్చ బటన్ నొక్కాలి. నీళ్లు రాకపోతే ఆపేసి పైపులో నీళ్లు పొయ్యాలి. చేతులు తడిగా ఉంటే తాతయ్య కొడతాడు.’ చెప్తూ చెప్తూ పైకొచ్చి కుర్చీలో కూర్చుని బొమ్మ కూడా గీశాడు. ఒక్క మెట్టు తప్పలేదు.

అమ్మమ్మగారు వెంటనే, ‘వాడికేమీ లేదని నేను మొత్తుకుంటూనే ఉన్నానమ్మా’ అన్నారు. ‘అలా కూడా ఇప్పుడే అనలేమండీ, కొన్నాళ్లు చూద్దాం’ అన్నాను. నిజంగానే చూడాలి. మానసిక సమస్యలని గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 అనే పుస్తకం ప్రకారం ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు కనీసం 6 నెలలు ఉండాలి, ఇల్లు, బడి లాంటి కనీసం రెండుచోట్లయినా కనిపించాలి. చదువులో లోపం అనాలంటే ప్రత్యేకంగా సాయం చేశాక కూడా 6 నెలలు ఆ ఇబ్బంది తగ్గకుండా ఉండాలి, బోధన భాష రాకపోవడం దానికి కారణం కాకూడదు. ఈ చదువు లోపానికిచ్చే లెర్నింగ్ డిజెబిలిటీ సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండాకే ఇవ్వాలని, 14లో, 18లో మళ్లీ పరీక్షించాలని 2018లో మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పారు. అలాంటిది యూకేజీలో డిస్లెక్సియా మాట ఎత్తడమేమిటి? ఐదేళ్లవాడు ‘బి’ని ‘డి’లా రాయడం మామూలే.

చెవులు, కళ్లు చూపించారా అని కూడా అడుగుతాను. నిద్ర సంగతి మరీ ముఖ్యం. నాన్న అమెరికా కాల్స్ అయ్యేదాకా మేలుకుని, ట్రాఫిక్ భయానికి తెల్లారకముందే బస్సెక్కే పిల్లాడు క్లాసులో కుదురుగా ఎలా ఉంటాడు?

అలాగని ఇదంతా ఫ్యాషన్ అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు కోపం. నాలుగో క్లాసు పాప ఒకతి మా దగ్గరికి వస్తుంది. గొడవ చేయదు, ఎదురు చెప్పదు, అందుకే ఏ టీచరూ కాగితం రాయలేదు. పాఠాలన్నీ విని కంఠతా పట్టి నెట్టుకొచ్చింది. ఇంగ్లీషు కూడబలుక్కున్నట్టే తెలుగూ కూడబలుక్కుంటుంది, రెండేళ్లుగా నేర్పుతున్నా సరే. ‘బద్ధకం’ అని తిట్లు తిన్న ఆ పాపకి సర్టిఫికెట్ వచ్చాక పరీక్షలో అదనపు సమయం దొరికింది. పొట్టనొప్పి అని బడి ఎగ్గొట్టడం మానేసింది. 2018లోనే మన దేశంలో ఐదు ప్రాంతాల్లో చేసిన ఒక పెద్ద సర్వే, 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో దాదాపు 8 మందిలో ఒకరికి మెదడు ఎదుగుదలకి సంబంధించిన ఏదో ఒక సమస్య ఉందని తేల్చింది. వర్తూరు దగ్గర సైట్లలో రేకుల షెడ్లలో ఉండే మన మేస్త్రీల పిల్లలకి అసెస్‌మెంట్ అన్న మాటే తెలియదు. ఒకే ఊళ్లో ఒకరికి అక్కర్లేని రిపోర్టు చేతికొస్తుంది, ఇంకొకరికి కావాల్సిన రిపోర్టు అందదు. ఈ పనిలో నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

పరీక్షించిన చోటే, అదే పూట, ఏడాది థెరపీ ప్యాకేజీ కట్టించుకునే పద్ధతిని నేను ఒప్పుకోను. అనుమానం ఉంటే ఇక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో పిల్లల విభాగానికి వెళ్లమంటాను. క్యూ ఉంటుంది, సెలవు పెట్టాల్సి వస్తుంది. అయినా వెళ్లమంటాను.

ఆ గుంటూరు బాబు స్కూలు వాళ్లు, సొంత ఖర్చుతో షాడో టీచర్‌ని, అంటే క్లాసులో వాడి పక్కనే ఉండి చూసుకునే మనిషిని పెట్టుకోమన్నారట. వాళ్ల నాన్న ‘ఏం చెప్పమంటారు మేడమ్?’ అని అడిగితే నేనే ఉత్తరం రాసిచ్చాను. ముందు బెంచీలో కూర్చోబెట్టండి, ఒకసారికి ఒకే పని చెప్పండి, ఇంకో 6 నెలల తర్వాత మళ్లీ చూద్దాం, అంతవరకు షాడో టీచర్ అక్కర్లేదు అని. ముందు బెంచీకి ఒప్పుకున్నారు. మిగతావాటి గురించి వచ్చే పీటీఎంలో, అంటే తల్లిదండ్రులతో టీచర్ల మీటింగులో మాట్లాడతామన్నారు. ఆ రోజు నేనూ వాళ్లతో వెళ్తున్నాను.