1080పీ మానిటర్‌లో యాంటీ అలియాసింగ్: ఏది పెట్టాలి?

నెల్లూరులోనో కావలిలోనో 1080పీ (1920×1080 పిక్సెల్స్) మానిటర్ మీద గేములు ఆడేవాళ్లకే అంచులు రంపంలా కనిపించే తలనొప్పి ఎక్కువ. పిక్సెల్‌కు ఒక్క చోటే రంగు లెక్కగడితే కరెంటు తీగలు, కంచెలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి, కదిలితే మెరుస్తాయి. వాటిని నునుపు చేసేదే యాంటీ అలియాసింగ్, అందులో రకాలు చాలా.

4ఎక్స్ ఎస్‌ఎస్‌ఏఏ (ఒక్కో పిక్సెల్‌కు నాలుగు చోట్ల రంగు లెక్కగట్టే రకం) పెడితే బొమ్మ అద్భుతం. కానీ ఫ్రేముకు 20.7 లక్షల పిక్సెల్స్ బదులు దాదాపు 83 లక్షలు గీయాలి. పాత గేములకు సరే. ఎంఎస్‌ఏఏ వస్తువుల అంచులనే సరిచేస్తుంది, ఆకులూ నీటి మెరుపులూ దానికి లొంగవు. గీసేసిన బొమ్మ మీద అంచులు వెతికి నునుపు చేసే ఎఫ్‌ఎక్స్‌ఏఏ భారం నామమాత్రం, కాకపోతే టెక్స్చర్లనూ (వస్తువుల మీది బొమ్మలను) మసకేస్తుంది.

ఇప్పటి గేముల్లో దిక్కు టీఏఏనే. ఇది పాత ఫ్రేముల సమాచారాన్ని కలుపుకుంటుంది, అందుకే కదలికలో మసక, వేగంగా పోయే బండి వెనక నీడలాంటి చార. కోపమొచ్చి ఆపేస్తే జుట్టు, గడ్డి చుక్కలు చుక్కలుగా తేలతాయి, చాలా గేమ్ ఇంజిన్లు (గేమును నడిపే సాఫ్ట్‌వేర్) వాటిని టీఏఏ మీద భారం వేసే గీస్తాయి మరి. ఆపకండి. ముందు గేము సెట్టింగుల్లో మోషన్ బ్లర్ (కదలికకు వేసే మసక), ఫిల్మ్ గ్రెయిన్ (సినిమా రీలు లాంటి చుక్కలు) తీసేయండి, షార్పెనింగ్ కొద్దికొద్దిగా పెంచండి. అంచుల చుట్టూ తెల్లటి గీత కనిపిస్తే ఎక్కువైనట్టే. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డుంటే, గేములో ఉంటే, డీఎల్‌ఏఏ (ఏఐతో అంచులు సరిచేసే ఎన్విడియా రకం) మేలు.

ఈ రకాలను పోల్చేటప్పుడు వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసేది), ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) లిమిట్ తీసేసి ఒకే సేవ్ నుంచి ఒకే దారిలో నడవండి. ల్యాప్‌టాప్ అయితే పది నిమిషాలు ఆడాకే ఎఫ్‌పీఎస్ అంకెలు చూడండి. మే నెల ఒంగోలు ఎండకు వేడెక్కి క్లాక్ (చిప్ వేగం) పడిపోతే, ఆ నింద యాంటీ అలియాసింగ్ మీద పడుతుంది.