బొగ్గుల సంగతి ఎవరూ చెప్పరు

పోయిన ఆదివారం అక్క ఫోన్ చేసింది, ఏడుపొక్కటే తక్కువ. ఇంటర్ సెకండియర్ చదివే మేనల్లుడి బ్యాగులో వెండి రంగు కాగితం చుట్ట, పుదీనా వాసన కొట్టే డబ్బా, గుండ్రటి బొగ్గు బిళ్లలు దొరికాయట. "నువ్వే చెప్పరా, నీ మాటైతే వింటాడు" అంది. 2012లో హైదరాబాద్‌లో నేను తిరగని హుక్కా పార్లర్ లేదని వాడికి తెలుసు, అదీ సంగతి.

క్యాన్సర్‌తో మొదలుపెడదామనుకున్నా. పదిహేడేళ్లవాడికి ఎప్పుడో వచ్చే జబ్బు గురించి చెబితే ఎక్కుతుందా? ఈలోగా వాడే అందుకున్నాడు. "సిగరెట్ కాదు కదా మామయ్యా, పొగ నీళ్లలోంచి వస్తుంది. ఫిల్టర్ అయిపోతుంది."

సరే అని వంటింట్లో కూర్చున్నాం. నీళ్ల సీసా మూతకు రెండు కన్నాలు పెట్టి రెండు ప్లాస్టిక్ గొట్టాలు దించాం. ఒకటి నీళ్లలో మునిగింది, దాని పైకొసకు గరాటు తగిలించి కింద ఊదుబత్తి వెలిగించాం. రెండోది నీటికి పైనే ఆగింది, అందులో కాస్త దూది కూరి కొసకు పెద్ద సిరంజి బిగించాం. లాగినప్పుడల్లా బుడగలు, నీళ్లపైన తెల్లటి పొగ. నలభై సార్లు లాగేసరికి దూది మీద టీ మరక లాంటిది తేలింది. నీళ్లు పొగను చల్లబరుస్తాయంతే. గొంతు మండదు కాబట్టి ఇంకా లోతుగా లాగుతాం. సిగరెట్ ఓ 20 దమ్ముల్లో అయిపోతుంది, హుక్కా ముందు గంట కూర్చుంటే 200 దాకా లాగుతారు.

నలుగురూ ఒకే పైపు నోట్లో పెట్టుకుంటారని వినగానే అక్క "ఛీ, ఎంగిలి" అంది. టీబీ కూడా అలా అంటుకోవచ్చని చెబితే ఇంకేమనేదో.

"హెర్బల్‌ది కూడా ఉంది, పొగాకే ఉండదు" అన్నాడు వాడు.

"మరి దానిమీద పెట్టే బొగ్గో?"

బాలింత గదిలో కుంపటి పెట్టినా మా అమ్మమ్మ కిటికీ మూయనిచ్చేది కాదు. తలుపులేసిన గదిలో కుంపటి ప్రాణం తీస్తుందని ఆవిడకు చదువు లేకుండానే తెలుసు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మేం కిక్కు అనుకుని మురిసిన తల తిరుగుడులో నికోటిన్‌తో పాటు దాని వాటా కూడా ఉంది. ఒకసారి పార్లర్ మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడితే ఫ్రెండ్స్ నిమ్మసోడా తాగించారు. బొగ్గు మీద ఎవరికీ అనుమానం రాలేదు.

2024 ఫిబ్రవరిలో తెలంగాణ అసెంబ్లీ హుక్కా పార్లర్లను నిషేధించింది. మంచిదే. వీళ్ల హుక్కా సెట్ మాత్రం ఎవడిదో బెడ్‌రూంలోకి చేరింది, ఏసీ వేసి తలుపులు బిగించి మరీ. నాకు పార్లర్ కంటే ఆ గదే ఎక్కువ టెన్షన్.

"తలనొప్పి వస్తుందా?" అని అడిగా.

కాసేపు మాట్లాడలేదు. "పోయినసారి ఒకడు వాంతి చేసుకున్నాడు. బిర్యానీ పడలేదనుకున్నాం."

సెట్ ఎవరింట్లో ఉందో చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. వెళ్లేటప్పుడు మాత్రం ఆ సీసా, సిరంజి, మిగిలిన ఊదుబత్తులు బ్యాగులో సర్దుకున్నాడు.