కడుపుతో ఉండి, చంటిపిల్లతో, పన్నెండులోపు బజారు

2021 మే 5 నుంచి కరోనా కర్ఫ్యూ వల్ల మన ఆంధ్రప్రదేశ్‌లో కొట్లు పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకే తెరిచేవాళ్ళు. ఊరంతా ఆ ఆరు గంటల్లోనే కొనుక్కోవాల్సి వచ్చేది. పదిన్నర దాటాక బెజవాడలో ఏ కిరాణా కొట్టు ముందు చూసినా జనం మీద జనం ఉండేవాళ్ళు. కడుపుతో ఉన్నవాళ్ళు, అందులోనూ ఇంట్లో ఏడాదిన్నర, రెండేళ్ళ బిడ్డ ఉన్నవాళ్ళు అలాంటి గుంపులో నిలబడే అవసరం లేకుండానే నెల గడుపుకోవచ్చు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కరోనా ఎక్కువగా అంటుకునేది గాలాడని చోట దగ్గరదగ్గరగా నిలబడ్డ మనుషుల ఊపిరి వల్ల. పప్పు పాకెట్ వల్ల కాదు. ప్లాస్టిక్ మీద వైరస్ 72 గంటల దాకా ఉంటుందని 2020 మార్చిలో ప్రయోగాల్లో తేలాక అందరూ పాకెట్లు కడగడం మొదలుపెట్టారు. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అలాంటి వస్తువును ముట్టుకుంటే జబ్బు అంటే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని చెప్పింది. అయినా చాలా ఇళ్ళలో ఏడో నెల కడుపుతో గంటసేపు వంగి, బ్లీచింగ్ వాసన పీలుస్తూ పాకెట్లు తుడుస్తూనే ఉండేవాళ్ళు. ఆ ఓపిక దాచుకోండి. సామాను సర్దేసి, ఇరవై సెకన్లు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. తగ్గించుకోవాల్సింది కొట్లో గడిపే నిమిషాలు.

ఇది గర్భిణులకు మరీ ముఖ్యం. కడుపుతో ఉన్నవాళ్ళకు కరోనా వస్తే అదే వయసు మిగతా ఆడవాళ్ళ కన్నా జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. పైగా 2021 జులై దాకా మన దేశంలో గర్భిణులకు కరోనా టీకా అనుమతించలేదు. కాబట్టి ఇంట్లో వెళ్ళగలిగే మనిషి ఇంకొకరు ఉంటే మీరు వెళ్ళకండి, మొహమాటపడకండి. వెళ్ళేది ఎప్పుడూ ఒకే మనిషి అయితే మంచిది. అరవై దాటిన అత్తగారినో మామగారినో పంపడం కన్నా, భర్త పనిలోకి పోయేముందు ఆరున్నరకల్లా వెళ్ళి రావడం మేలు.

పచారీ సామానుకు చీటీ పద్ధతే ఉత్తమం. రాత్రి చీటీ రాసి ఫొటో తీసి కొట్టాయనకు వాట్సాప్‌లో పెడితే, పొద్దున కట్టించి ఉంచుతారు. బిల్లు ఫొటో రాగానే ఫోన్‌పే చేసేయండి. ఇంకెవరైనా వెళ్ళి సంచి తెచ్చుకుంటే సరిపోతుంది, కొట్టు గడప ఎక్కే పనే ఉండదు. చీటీ సరిగా లేకపోతేనే చిక్కు. ఉత్తినే 'పాలపొడి ఒకటి' అని రాస్తే కుర్రాడు చేతికి దొరికింది కట్టేస్తాడు. పేరు, బరువు, అది లేకపోతే ఏం చేయాలో కూడా రాయాలి: 'రాగిపిండి కిలో, ఏ కంపెనీ అయినా సరే', 'డైపర్లు పెద్ద సైజు, లేకపోతే వద్దు' అని. మీ పేరు, ఫోన్ నంబరు చీటీ పైనే ఉండాలి. రోజూ యాభై చీటీలు కట్టే కొట్లో మీ సంచి పక్కింటివాళ్ళకు పోవడానికి ఎంతో సేపు పట్టదు.

ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక బిడ్డ ఉన్న ఇంటికి నెలకు సుమారుగా బియ్యం 15 కిలోలు, కందిపప్పు 2, మినపగుళ్ళు 2, ఇడ్లీరవ్వ 3, పెసరపప్పు, బొంబాయి రవ్వ, రాగిపిండి, బెల్లం, వేరుశనగ గుళ్ళు కిలో చొప్పున, చింతపండు అరకిలో, నూనె 3 లీటర్లు పడతాయి. మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్ళు మాత్రం నిల్వలకు తొందరపడొద్దు. వేవిళ్ళలో నిన్న తిన్నది ఇవాళ వాసనకే పడదు. అటుకులు, మరమరాలు, నిమ్మకాయలు కాస్త ఎక్కువ పెట్టుకుని, మిగతావి పావుకిలో, అరకిలో చొప్పున తెప్పించుకోండి. గుడ్లు ముప్ఫై ఉన్న అట్ట తీసుకోవచ్చు. ఫ్రిజ్‌లో మూడు వారాలు బాగుంటాయి, ఎండాకాలంలో బయట ఉంచొద్దు. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి తినాలి.

నెల సామానుతోపాటే మందుల షాపు పని కూడా ముగించేయండి. డాక్టరు రాసిన ఐరన్, కాల్షియం బిళ్ళలు ముప్ఫై రోజులకు సరిపడా, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగైదు, ఒక థర్మామీటరు. ఐరన్ బిళ్ళ పాలతోనో కాఫీతోనో వేసుకుంటే ఒంటికి పట్టదు, నిమ్మరసంతో పడుతుంది. కాల్షియం బిళ్ళకూ దానికీ రెండు గంటలు ఎడం ఉండాలి. పాల మాట వచ్చింది కాబట్టి, ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అరలీటరు పాలు చాలు. సరుకు దొరకడం లేదని అన్నం బదులు పాలే పట్టిస్తుంటే ఆకలి చచ్చి, రక్తం తగ్గుతుంది.

కూరగాయలకు నా ఓటు గుమ్మం ముందుకొచ్చే తోపుడుబండికే. కిలోకు అయిదో పదో ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ ఆరుబయట, ఒక్క మనిషి, అయిదు నిమిషాల బేరం, బిడ్డ గేటు లోపలే ఉంటుంది. ఆ పది రూపాయల కోసం వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ రద్దీలోకి కరోనా రోజుల్లో గర్భిణి వెళ్ళకూడదు. రైతుబజారుకే వెళ్ళాలంటే, పటమటలోనైనా గుంటూరు చుట్టుగుంటలోనైనా తెరిచిన మొదటి గంటలో వెళ్ళండి. ధరల బోర్డు గేటు దగ్గరే చూసుకుని, మూడు దుకాణాలు మించకుండా కొనేసి బయటపడండి. పది, ఇరవై నోట్లు విడిగా చిన్న సంచిలో ఉంచుకుంటే చిల్లర కోసం నిలబడక్కర్లేదు.

వారానికి ఒక్కసారి కొంటే ఏది ముందు వండాలో తెలిసి ఉండాలి. తోటకూర, గోంగూర, పాలకూర మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. తర్వాత బెండ, బీర, వంకాయ. వారం చివరికి దొండకాయ, సొరకాయ, దోసకాయ, కంద, బంగాళాదుంప. అన్నీ కలిపి అయిదారు కిలోలవుతాయి. దాన్ని ఒక్క సంచిలో కుక్కకుండా రెండు సంచుల్లో సమానంగా వేసి రెండు చేతులా పట్టుకోండి. నెలలు పెరిగేకొద్దీ కీళ్ళు వదులవుతాయి, ఒంటి బరువు ముందుకు వాలుతుంది. ఒక చంకన పది పన్నెండు కిలోల బిడ్డ, రెండో చేత సంచి అంటే నడుం పట్టేస్తుంది, కాలు జారితే ఆపుకోవడానికి చెయ్యి ఉండదు. పాతిక కిలోల బియ్యం బస్తా మెట్లెక్కించే పని మీది కాదు. డబ్బులిచ్చేముందే పైదాకా తెచ్చి వేయాలని మాట్లాడుకోండి.

ఆకుకూర కడగడంలో చాలామంది పొరపడేది ఒక చోట ఉంది. వేళ్ళు కోసేసి, వెడల్పాటి బేసిన్‌లో నిండా నీళ్ళు పోసి, ఆకులు ముంచి, చేత్తో కదిపి, రెండు నిమిషాలు వదిలేస్తే మట్టి అడుగుకు దిగుతుంది. అప్పుడు ఆకును పైకి తీయాలి, బేసిన్ వంచి నీళ్ళు పారబోయకూడదు. వంచితే దిగిన మట్టి మళ్ళీ ఆకుల మీదకే వస్తుంది. నీళ్ళు మార్చి ఇలా మూడుసార్లు. మట్టిలో ఉండే టాక్సోప్లాస్మా లాంటి క్రిములు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి ఈ పని కరోనా పోయాకా మానొద్దు. ఉప్పు, పసుపు వేసుకుంటే పురుగు పైకి తేలుతుంది, తప్పులేదు. సబ్బు, సర్ఫు, శానిటైజర్ మాత్రం కూరగాయలకు వాడొద్దని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా చెప్పింది. ఆకు మడతల్లో మిగిలిన సబ్బు తల్లికీ బిడ్డకూ వాంతులు, విరేచనాలు తేవచ్చు. కడిగిన ఆకును తడితో ఫ్రిజ్‌లో పెడితే రెండోరోజుకే కుళ్ళుతుంది. ఫ్యాను కింద ఆరబెట్టి, పాత నూలుచీర ముక్కలో చుట్టి పెట్టండి.

మే అంటే మామిడికాయల కాలం కాబట్టి ఒక మాట. గట్టిగా ఉన్న బంగినపల్లి కాయలు కొని ఇంట్లోనే బియ్యంలో మగ్గబెట్టుకుంటే కార్బైడ్ భయం ఉండదు. కార్బైడ్‌తో మగ్గించడం నిషేధం, అయినా వాడేవాళ్ళున్నారు. షుగరు వచ్చిన గర్భిణులు డాక్టరును అడిగి తినాలి.

ఇంట్లో వదిలే దిక్కులేక బిడ్డను వెంట తీసుకెళ్ళాల్సి వస్తే, టిఫిను పెట్టి, నిద్రవేళకు రెండు గంటల ముందే బయల్దేరండి. తిరిగొచ్చేటప్పుడు నిద్రపోయిందంటే మొత్తం బరువు మీ భుజం మీదే. రెండేళ్ళలోపు పిల్లలకు మాస్కు కట్టకూడదు, ఊపిరాడకపోతే తీసుకోవడం వాళ్ళకు చేతకాదు. అయిదేళ్ళు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కాబట్టి ఆ బిడ్డను గాలాడని సూపర్‌మార్కెట్‌లోకి అసలు తీసుకెళ్ళకండి, ఆరుబయట బజారైతేనే వెళ్ళండి. కొనేటప్పుడు తినడానికేమీ ఇవ్వొద్దు, చెయ్యి నోట్లోకి పోయేది అప్పుడే. ఒక చిన్న గుడ్డసంచి తన చేతికిచ్చి రెండు నిమ్మకాయలు వేయించండి, రెండు చేతులూ దాని మీదే ఉంటాయి. పిల్లల చేతులకు శానిటైజర్ రాయడం కన్నా నీళ్ళ సీసా, చిన్న సబ్బుముక్క వెంట ఉంచుకోవడం మంచిది, వాళ్ళు వేళ్ళు నాకుతారు. షేర్ ఆటో వద్దు. మామూలు ఆటో మాట్లాడుకుని పక్కల పరదాలు ఎత్తించండి.

కరోనా రోజుల్లో మీకైతే లోపల సర్జికల్ మాస్కు, పైన గుడ్డ మాస్కు. ఎండాకాలం ఉక్కకు అరగంటలో చెమటకు తడుస్తుంది, తడిస్తే గాలాడదు, ఇంకో జత సంచిలో ఉండాలి. వరసలో కళ్ళు తిరిగినట్టనిపిస్తే సామాను అక్కడే వదిలేసి నీడన కూర్చోండి. పొత్తికడుపులో నొప్పి, రక్తం కనపడడం, బిడ్డ కదలిక తగ్గడం ఉంటే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి. అంబులెన్సుకు 108.

చికెన్ ఆదివారం కొనడం మానేసి బుధవారమో గురువారమో తెప్పించుకోండి, కొట్టు ఖాళీగా ఉంటుంది. మాంసం సంచి కూరగాయల సంచితో కలవకూడదు, కారిన నీరు పచ్చిగా తినే కీరదోసకు, టమాటాకు అంటుతుంది.

కరోనా రోజుల్లో ఇంట్లో ఒక్కరికి జ్వరమో దగ్గో వచ్చినా ఎవరూ బజారుకు వెళ్ళకూడదు. కరోనా పరీక్ష సంగతి కనుక్కోవడానికి 2021లో 104కు ఫోన్ చేసేవాళ్ళు. అలాంటి రోజుల కోసం మూడు రోజుల సరుకు ఎప్పుడూ అటకమీద కాకుండా చేతికందే అరలో ఉంచాలి: బియ్యం, పెసరపప్పు, అటుకులు, ఉల్లి, బంగాళాదుంప, పాలపొడి. ఎదురింటివాళ్ళతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. మీ చీటీ వాళ్ళకు పంపితే తెచ్చి గేటుకు తగిలించి, ఫోన్ చేసి వెళ్ళిపోతారు. డబ్బులు ఫోన్‌పేలో వేసేయొచ్చు. వాళ్ళింట్లో జ్వరం వస్తే మీ ఇంటినుంచి వాళ్ళకూ అలాగే.