తడిసిన దస్తావేజు

సింగ్ నగర్‌లో మా టేబుల్ ముందు మొదట కూర్చున్నది డెబ్బై ఏళ్ల మామ్మగారు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఇంకా నీళ్లు. దస్తావేజు తడవకూడదని ఆమె భర్త ఎప్పుడో దాన్ని ఆ కవర్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టారట. బుడమేరు వాగు వరద నీళ్లు కవర్లోకి వెళ్లాయి గానీ, మళ్లీ బయటికి రాలేదు.

నేను విజయవాడలో సివిల్ కేసులు చూసే అడ్వకేటుని. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ మునిగిపోయాయి. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద. మా ఇంటికి నీళ్లు రాలేదు. మొదటి వారం అందరిలాగే మేమూ అన్నం పొట్లాలు, పాలప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు మోశాం. మాకు తెలిసిన పనితో అవసరం పడింది నీళ్లు తీశాకే. ఫైరింజన్లతో ఇళ్లు కడుగుతుంటే బురదతో పాటు రేషన్ కార్డులు, పదో తరగతి సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు ముద్దలుగా వీధిలోకి వచ్చాయి.

నలుగురం అడ్వకేట్లం, ఇద్దరు లా చదివే పిల్లలు. ఒక టిఫిన్ సెంటర్ ఆయన తన అరుగు మీద చోటిచ్చారు. ‘న్యాయ సలహాలు’ అని బోర్డు పెడితే మొదటిరోజు జనం దూరం నుంచే చూసి వెళ్లిపోయారు. లాయరు అంటే ఫీజు, కోర్టు, వాయిదాలు అనే భయం. మర్నాడు ‘అర్జీలు ఉచితంగా రాసి ఇస్తాం’ అని మార్చాం. పదింటికల్లా లైను రోడ్డు దాకా వెళ్లింది.

మామ్మగారి దస్తావేజు 1991 నాటిది, 72 గజాల స్థలం. చేత్తో రాసిన సిరా అంతా నీలంగా పాకిపోయింది, కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆమె గోటితో విడదీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పాత దస్తావేజుల్లో ప్రతి కాగితం వెనక ఒక ముద్ర ఉంటుంది: ఏ సంవత్సరం, ఎన్నో నంబరు దస్తావేజు, మొత్తం కాగితాలెన్ని, ఇది ఎన్నోది. అంటే ఒక్క కాగితం బతికినా చాలు. ఆ కట్టను పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, ఎండ తగలకుండా ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టాం. మూడో కాగితం వెనక ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే నంబరు కనిపించింది. ఆ నంబరుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకి దరఖాస్తు పెట్టాం. నంబరు దొరకని వాళ్లకి డోర్ నంబరు, సర్వే నంబరు పట్టుకుని ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే సర్టిఫికెట్, తీయించాం. అందులో దస్తావేజు నంబరు బయటపడుతుంది. దస్తావేజు పోతే ఇల్లే పోయినట్టు ఏడ్చిన వాళ్లని ఎంతమందినో చూశాను. ఇల్లు మీదే, రిజిస్ట్రార్ పుస్తకంలో భద్రంగా ఉంది అని చెప్పేసరికి ఆ ముఖాల్లో టెన్షన్ దిగిపోవడం నేను మర్చిపోలేను.

ఒక అమ్మాయి పిల్లల్ని తీసుకుని గుడివాడ పుట్టింటికి వెళ్లింది. వరద నష్టం లెక్క రాసుకోవడానికి, ఎన్యూమరేషన్‌కి, వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంది, పేరు ఎక్కలేదు. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకి 10,000 ప్రకటించింది. ఆమెది అద్దె ఇల్లు, ఏ కాగితమూ లేదు. ఫోన్లో గ్యాస్ బుకింగ్ మెసేజ్‌లు, గుమ్మం దాకా నీళ్లొచ్చినప్పుడు తీసిన ఫొటో చూసి, వాటి ప్రింట్లు జతచేసి అర్జీ రాశాం. కార్బన్ పెట్టి రాశాం, రెండో కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దని చెప్పాం. ఇచ్చినట్టు రుజువు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

అన్నిటికీ దారి దొరకలేదు. ఒక ఆటో అన్న ఇన్సూరెన్సు కాగితం తెచ్చాడు. అది థర్డ్ పార్టీ పాలసీ, సొంత బండికి వరద వల్ల జరిగిన నష్టం అందులో రాదు. ‘ఏటేటా కడుతున్నాను కదమ్మా’ అన్నాడు. లేని ఆశ పెట్టడం ఇష్టం లేక ఉన్నమాట చెప్పాను. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నవాళ్లతో మాత్రం, నీళ్లు వెళ్లిన బండిని స్టార్ట్ చేయొద్దు, సర్వేయరు చూసేదాకా ముట్టుకోవద్దు అని పదే పదే చెప్పాం. క్లెయిము తిరగ్గొడితే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. బీమా గొడవలు దాని పరిధిలోకి వస్తాయి, ఫీజు లేదు, రాజీ కుదరకపోతే తీర్పు చెప్పే అధికారం కూడా ఉంది.

జనం మాకు దండాలు పెడుతుంటే నాకు ఇబ్బందిగా ఉండేది. ఇది మా దయ కాదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లోనే రాసి ఉంది: వరద, కరువు, భూకంపం బారిన పడ్డవాళ్లు ఉచిత న్యాయసహాయానికి హక్కుదారులు. వాళ్లకి ఆదాయ పరిమితి కూడా లేదు. పోయిన కాగితాలు తిరిగి తెప్పించడం, బీమా, బ్యాంకు అప్పుల ఇబ్బందుల్లో సాయపడటం, ఇవన్నీ విపత్తు బాధితుల కోసం జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) 2010లో తెచ్చిన పథకంలో ఉన్నాయి. ఉచిత న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే చాలు. మా లైన్లో నిలబడ్డవాళ్లలో ఆ నంబరు తెలిసినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. అందుకే అర్జీ రాసిన ప్రతి కాగితం వెనకా ఆ ఐదంకెలూ పెద్దగా రాసి ఇచ్చాం.

మామ్మగారి నకలు వచ్చిన రోజు నేనే ఇంటికి తీసుకెళ్లాను. ఆమెకి చదువు రాదు. సరిహద్దులు చదవమంది. ‘తూర్పు రోడ్డు’ అన్నాను, తలూపింది. దక్షిణం, పడమర చదివాను, తలూపింది. ఉత్తరం దగ్గర పేరు చదవగానే ఆపింది. ‘వాళ్లు అమ్ముకుని వెళ్లిపోయి చాలా కాలమైంది లాయరమ్మా. ఇప్పుడున్నవాళ్లే నన్ను డాబా మీదికి ఎక్కించారు’ అని, గోడ అవతలికి కేకేసి వాళ్లనీ పిలిచింది, ఇంకోసారి మొదట్నుంచి చదవమని.