ఒక్క హెచ్‌పీ తేడా

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి నేను వెనక గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉంటాను. అప్పుడు డాలస్‌లో ఉదయం పదకొండు. మా బామ్మర్ది అక్కడ కాఫీ కలుపుకుని కూర్చుంటాడు. ఇద్దరం ఒక పక్షం, కంప్యూటర్ ఇంకో పక్షం. మేం ఆడేది 'బ్యాటిల్ ఫర్ వెస్నాత్'. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన ఉచిత ఆట ఇది, చదరంగంలా వంతులవారీగా సైన్యాల్ని నడపాలి. నా ల్యాప్‌టాప్‌కి పదేళ్ళు దాటినా దాని మీద హాయిగా నడుస్తుంది.

మొన్న ఆదివారం ఆటలో సంధ్యవేళ అయింది. వెస్నాత్‌లో రోజుకి ఆరు టర్నులు, అంటే ఆరు వంతులు. పగలు మా మనుషుల దెబ్బ 25 శాతం పెరుగుతుంది, రాత్రి 25 శాతం తగ్గుతుంది. ఎదుటి పక్షంలో ఉన్న ఓర్క్‌లనే రాక్షసులకి సరిగ్గా దీనికి ఉల్టా. తెల్లవారేటప్పుడు, పొద్దుగూకేటప్పుడు మాత్రం ఎవరికీ లాభనష్టాలు ఉండవు. గ్రంట్ అనే ఓర్క్ సిపాయి ఒకడు మా వైపు చొచ్చుకొచ్చి పచ్చిక మీద నిలబడ్డాడు. 38 హెచ్‌పీ (అంటే ప్రాణబలం, అది సున్నా అయితే చచ్చినట్టే) ఉండాల్సినవాడికి మేం కొట్టగా కొట్టగా 15 మిగిలాయి. పక్కనే నా మేజ్, అంటే మంత్రగాడు, ఉన్నాడు. దెబ్బకి 7 చొప్పున మూడు దెబ్బలు వేస్తాడు. మంత్రం కాబట్టి ఎదుటివాడు కొండ మీద ఉన్నా కోటలో ఉన్నా ప్రతి దెబ్బా తగిలే అవకాశం 70 శాతం.

"వేసెయ్ బావా, డెబ్బై ఉంది కదా" అన్నాడు మా బామ్మర్ది.

నేను వెయ్యలేదు. ఈ పోస్టు ఎందుకు వెయ్యలేదో చెప్పడానికే.

నేను రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకి మాథ్స్ చెప్తాను. నేను చెప్పే పాఠాల్లో సంభావ్యత, దాని వెనకే ద్విపద విభాజనం (ఒకే ప్రయత్నం కొన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు నెగ్గుతామో చెప్పే లెక్క) ఉన్నాయి. బోర్డు మీద నాణేలు ఎగరేసి ఎగరేసి నాకే విసుగొచ్చిన పాఠం అది. ఈ గ్రంట్ మాత్రం ఆ పాఠాన్ని నా కళ్ళముందు నిలబెట్టాడు. 15 హెచ్‌పీ పోవాలంటే 7 చొప్పున మూడు దెబ్బలూ తగలాలి. 0.7ని మూడుసార్లు గుణిస్తే 0.343. అంటే 34 శాతం. అదే వాడికి 14 హెచ్‌పీ ఉంటే మూడిట్లో రెండు తగిలితే చాలు. అప్పుడు 78 శాతం. ఒక్క హెచ్‌పీకి అవకాశం సగానికి పైగా పడిపోయింది! తెర మీద వాడి పక్కన కనిపించే చిన్న గీతలో 14కీ 15కీ తేడా కంటికి ఆనదు. ఒక్క టర్ను ముందు, ఇంకా వెలుగుండగా కొట్టి ఉంటే మేజ్ దెబ్బ 9 అయ్యేది. 15 హెచ్‌పీ ఉన్నా రెండు దెబ్బలతో పని అయిపోయేది.

దాడి చేసేముందు వచ్చే కిటికీలో 'డ్యామేజ్ కాలిక్యులేషన్స్' అని ఒక బటన్ ఉంటుంది. చాలామంది దాన్ని నొక్కకుండానే ఓకే కొట్టేస్తారు. నొక్కితే వరసగా కనిపిస్తాయి: గ్రంట్‌కి 15 హెచ్‌పీ అలాగే ఉండిపోయే అవకాశం 2.7 శాతం, 8 మిగిలే అవకాశం 18.9, ఒకటి మిగిలే అవకాశం 44.1, చచ్చే అవకాశం 34.3. అన్నిటికంటే ఎక్కువ జరిగేది, వాడు ఒక్క హెచ్‌పీతో బతికిపోవడం. బతికితే మర్నాటి సంగతి వేరు, ముందు ఆ రాత్రే మా మేజ్ మీద పడతాడు. ఓర్క్‌కి రాత్రి 25 శాతం ఎక్కువ. మేజ్‌కి ఉన్నవే 24 హెచ్‌పీ.

మా బామ్మర్ది ఈ ఆటకి ఎక్స్‌కామ్ 2 అనే ఇంకో యుద్ధం ఆట నుంచి వచ్చాడు. అక్కడ సైనికుడు తుపాకీ గురిపెట్టగానే గుండు తగిలే అవకాశం ఎంత శాతమో ఒకే అంకెగా కనిపిస్తుంది. ఒకసారి 95 చూపించి తప్పిందట, రాత్రి రెండింటికి నాకు మెసేజ్ పెట్టాడు: "బావా, ఈ గేమ్ మోసం." నేను లెక్కేసి పంపాను. 95 శాతం షాట్లు ఇరవై కొడితే కనీసం ఒకటి తప్పే అవకాశం 64 శాతం. ఒక్కో మిషన్‌లో ఎన్ని షాట్లు కొడతాడు, అలాంటి మిషన్లు ఎన్ని ఆడాడు? తప్పకపోతేనే ఆశ్చర్యపోవాలి. అతనికి నా లెక్క నచ్చలేదు. మనిషి బుర్రలో 95 అంటే 'అయిపోయినట్టే' అని అర్థం.

ఈ గేములు తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. 2010లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో సివిలైజేషన్ ఆటల సృష్టికర్త సిడ్ మేయర్ ఇచ్చిన ప్రసంగంలో ఈ మాటే వచ్చింది. సివిలైజేషన్ రెవల్యూషన్ అనే తమ ఆటని ఆడించి చూస్తున్నప్పుడు జరిగింది చెప్పాడాయన. మూడుకి ఒకటి చొప్పున తమ వైపే బలం ఉందని చూశాక ఓడిపోతే ఆటగాళ్ళు ఒప్పుకోరట. నాలుగోవంతు సార్లు ఓడిపోవడం లెక్క ప్రకారం న్యాయమే అంటే వినరు. అదే ఒకటికి మూడు చొప్పున తామే బలహీనంగా ఉండి గెలిస్తే మాత్రం ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. రెండుకి ఒకటి ఉన్నప్పుడు ఒకసారి ఓడితే ఓర్చుకుంటారు కానీ వెంటనే రెండోసారి ఓడితే ఊరుకోరు. 2కి 1, 20కి 10 ఒకటే అన్నా నమ్మరు. 20 దగ్గర పది తేడా కనిపిస్తుంది కదా! చివరికి వాళ్ళు ఆటగాడి మనసుకి తగ్గట్టు లోపలి లెక్కని సవరించారు.

ఎక్స్‌కామ్ 2 కూడా సులువైన స్థాయిల్లో అంతే. వరసగా గురి తప్పుతుంటే తర్వాతి షాట్‌కి తెర మీద చూపినదానికంటే లోపల కాస్త ఎక్కువ కలుపుతుంది. లెజెండ్ అనే చివరి స్థాయిలో ఆ సాయం ఉండదు.

ఫైర్ ఎంబ్లెమ్ అనే జపాన్ యుద్ధం ఆటల వరస అయితే ఇంకా ముందునుంచే ఈ పని చేస్తోంది. ఆ వరసలో 2002లో జపాన్‌లో వచ్చిన బైండింగ్ బ్లేడ్‌తో మొదలైంది. మామూలుగా 0 నుంచి 99 లోపు ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసి, చూపిన శాతం కంటే అది చిన్నదైతే దెబ్బ తగిలినట్టు. ఆ ఆటలో రెండు సంఖ్యలు తీసి వాటి సగటు చూస్తారు. సగటు ఎప్పుడూ మధ్యకి జరుగుతుంది కాబట్టి 50కి పైన చూపినవన్నీ నిజానికి ఇంకా పైకి పోతాయి, కింద చూపినవి ఇంకా కిందకి పోతాయి. నేను పెన్సిల్‌తో వేసి చూశాను. తెర మీద 90 ఉంటే అసలు 98.1. 80 ఉంటే 92.2. 20 ఉంటే 8.2, 10 ఉంటే 2.1. మన బుర్ర 90ని ఎలా చదువుకుంటుందో ఆట కూడా దాన్ని అలాగే నడిపిస్తుంది. ఆ ఆటలో చచ్చిపోయిన మనిషి మామూలుగా తిరిగి రాడు. పది మిషన్లు పెంచుకున్న మనిషి 10 శాతం దెబ్బకి పోతే ఆడేవాడికి ఎలా ఉంటుందో ఆలోచించే ఆ పని చేసుంటారు. ఆ దయ నాకు అర్థమవుతుంది.

అయినా నాకు ఇది ఇష్టం లేదు. కారణం మా బామ్మర్దే. కొన్ని నెలలు నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్‌లో ఫైర్ ఎంబ్లెమ్ త్రీ హౌసెస్ ఆడి, ఎక్స్‌కామ్‌ని సులువు స్థాయిలో ఆడి, ఆ తర్వాత వెస్నాత్‌కి వచ్చాడు. వెస్నాత్‌లో 70 అంటే 70, 60 అంటే 60. మొదటి నెలంతా "ఇది మనకి వ్యతిరేకంగా ఆడుతోంది బావా" అనే మాటే. అబద్ధం చెప్పిన ఆట దగ్గర నేర్చుకున్న కొలత తెచ్చి నిజం చెప్పే ఆటని కొలిచాడు. నా క్లాసులో కూడా అలాంటి పిల్లలున్నారు. 80 శాతం అంటే ఎంత ధీమా పెట్టుకోవాలో వాళ్ళకి నేనింకా చెప్పనే లేదు, ఫోన్లో గేములు ముందే చెప్పేశాయి. దాన్ని వదిలించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

చూపిన అంకె నిజమే అయినా కళ్ళు మోసపోయే ఆట ఇంకోటుంది, సివిలైజేషన్ 4. 2005 నాటిది. 6 బలమున్న దళం 5 బలమున్న దళం మీదకి వెళ్తే, ఒక్కో పోటులో నెగ్గే అవకాశం పదకొండిట్లో ఆరు, అంటే 54.5 శాతం. కానీ యుద్ధం ఒక్క పోటుతో అయిపోదు. రెండు దళాలకీ వంద వంద హెచ్‌పీ. బలమైనవాడి పోటు 21 తీస్తుంది, బలహీనుడి పోటు 18 తీస్తుంది. ఒకడికి అయిదు పోట్లు చాలు, ఇంకొకడికి ఆరు కావాలి. ఇవన్నీ కలిపితే గెలుపు దాదాపు 73 శాతం. 6కీ 5కీ అంత తేడా ఉంటుందని చూడగానే ఎవరికీ తట్టదు. ఆట దాడికి ముందే ఆ చివరి శాతాన్ని చూపిస్తుంది. నాకు అదే కావాలి. లోపల ఏం జరుగుతుందో అదే బయట కనపడాలి, మోటుగా ఉన్నా ఫరవాలేదు.

ఇంటూ ద బ్రీచ్ అని 2018లో ఒకటి వచ్చింది. అందులో మన దెబ్బలకి శాతాలే లేవు. శత్రువు తర్వాతి టర్నులో ఎక్కడ కొడతాడో ముందే చూపిస్తుంది. చక్కటి ఆట. కానీ అందులో నాకు గుండె దడ రాదు.

ఇక మా గ్రంట్ దగ్గరికి వస్తాను. ఏ ఆటైనా చూపించే శాతం ఒక్క పోరుకే. ఆడేవాడి మనసులో ఉండే ప్రశ్న వేరు: ఈ టర్ను అయ్యేలోపు వాడు చస్తాడా లేదా? వెస్నాత్ కిటికీ కూడా దానికి జవాబివ్వదు. మేజ్‌కి అటుపక్క మా బామ్మర్ది స్పియర్‌మ్యాన్, అంటే ఈటె పట్టిన సిపాయి, ఉన్నాడు. అతనిదీ దెబ్బకి 7, మూడు దెబ్బలే. పచ్చిక మీద ఉన్న గ్రంట్‌కి ఒక్కోటి తగిలే అవకాశం 60 శాతం. ముందు అతన్ని పంపిస్తే? దిద్దాల్సిన పేపర్ల కట్ట మీద ఉన్న తెల్లకాగితం తీసుకుని వేశాను. మూడూ తప్పితే మేజ్‌కి మళ్ళీ 34. ఒకటి తగిలితే గ్రంట్‌కి 8 మిగులుతాయి, మేజ్‌కి 78. రెండు తగిలితే ఒక్కటే మిగులుతుంది, మేజ్‌కి 97. మూడూ తగిలితే మేజ్‌తో పనే లేదు. నాలుగు వరసల్నీ వాటి వాటి అవకాశాలతో గుణించి కూడితే 88.4 వచ్చింది. గ్రంట్ తిరిగి 9 చొప్పున రెండు దెబ్బలు వేస్తాడు, కానీ స్పియర్‌మ్యాన్‌కి 30 దాకా హెచ్‌పీ ఉన్నాయి, తట్టుకుంటాడు.

"నువ్వు ముందు వెళ్ళు" అన్నాను.

"నాకు అరవయ్యే ఉంది బావా, నీకు డెబ్బై ఉందిగా!"

"వెళ్ళరా బాబూ."

వెళ్ళాడు. మొదటిది తప్పింది. రెండోది తగిలింది. మూడోది తప్పింది. 8 మిగిలాయి. నేను మేజ్‌ని కదిపాను. మొదటి మంత్రం తగిలి ఒక్క హెచ్‌పీ మిగిలింది. రెండోది తప్పింది. ఆ ఒక్క క్షణం అటు డాలస్‌లోనూ మాట లేదు. మూడోది తగిలి గ్రంట్ పచ్చిక మీద కూలిపోయాడు.

"ఆ ఎనభై ఎనిమిది ఎలా వచ్చింది బావా?" అని అడిగాడు కాసేపయ్యాక. ఫోన్లో కాగితం ఫోటో తీసి పంపాను. దాన్ని పెద్దది చేసుకుని చూస్తున్నట్టున్నాడు, చాలాసేపు తన టర్ను ఆడలేదు.